బల్బు కరెంటు తింటుందా?

పదో తరగతికి విద్యుత్ ప్రవాహం పాఠం చెప్పడం నాకు ఇది తొమ్మిదోసారి. మా ఊరి హైస్కూల్లో పెద్ద డిజిటల్ ప్యానెల్ పెట్టాక నేను చేసిన మొదటి పని, ల్యాబ్ బీరువాకి తాళం వేసేయడం. ఏం చేయమంటారు, కరెంటు కొలిచే అమ్మీటర్ ముల్లు సున్నా దగ్గరే ఇరుక్కుని ఉంటుంది, క్లిప్పులు తుప్పు పట్టాయి, సెల్లులు నేనే కొనాలి. ఇంటి దగ్గర ఫోన్‌లో ఫెట్ సిమ్యులేషన్, అంటే తెర మీదే చేసి చూసే ప్రయోగం, దించుకుని పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్తే నెట్ లేకపోయినా క్రోమ్‌లో తెరుచుకుంటుంది, రూపాయి ఖర్చు లేదు. (ఫెట్ అంటే అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్లది. 2001లో ఫిజిక్స్ నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టారు. కొన్ని సిమ్యులేషన్లు తెలుగులో కూడా ఉన్నాయి.)

పిల్లలకి తెగ నచ్చింది. అందులో బ్యాటరీని షార్ట్ చేస్తే మంటలొస్తాయి, ఇక చూడాలి, పది నిమిషాలు అందరూ వచ్చి మంటలు పెట్టడమే. అదయ్యాక రెండు బల్బులు శ్రేణిలో, అంటే ఒకదాని తర్వాత ఒకటిగా, కలిపాం, రెండూ సమానంగా వెలిగాయి, నోట్సు రాసుకున్నారు, పాఠం అయిపోయింది అనుకున్నాను.

వారం తర్వాత ఎందుకో బుద్ధి పుట్టి రెండు టార్చి బల్బులు, రెండు సెల్లులు తీసుకెళ్లి అదే సర్క్యూట్ బల్ల మీద కట్టాను. ఒకటి బాగా వెలిగింది, రెండోది ఎర్రగా మినుకుమినుకుమంటోంది. ముందు బెంచీ అమ్మాయి వెంటనే "మేడం, ఇది తప్పు. ప్యానెల్‌ల రెండూ సమానంగా వెలిగినయ్ కదా" అంది. బల్ల మీద కళ్లెదురుగా ఉన్నది తప్పట, తెర మీద బొమ్మ ఒప్పట! ఆ పిల్లని అలా తయారు చేసింది నేనే.

వెనక నుంచి ఇంకొకడు, ప్లస్ పక్కనున్న బల్బు ముందే కరెంటు తినేస్తుంది, మిగిలిందే రెండోదానికి వెళ్తుంది అన్నాడు. సగం క్లాసు తలూపింది. నిజం చెప్పాలంటే ఈ నమ్మకం ఇన్నేళ్లూ నా పిల్లల బుర్రల్లో ఉండే ఉంటుంది, పరీక్షలో మార్కులొస్తున్నాయి కాబట్టి నాకు కనబడలేదు. నేనేం చెప్పకుండా రెండు బల్బుల చోట్లు మార్చమన్నాను. మార్చారు. మసక బల్బు ప్లస్ పక్కకి వచ్చింది, అయినా మసకగానే ఉంది. క్లాసు ఒక్కసారిగా నిశ్శబ్దం. అంటే తేడా చోటులో లేదు, బల్బులోనే ఉంది. చూడ్డానికి ఒకేలా ఉన్నా రెండింటి నిరోధాలు, అంటే కరెంటుని అడ్డుకునే తీరు, వేరు.

సిమ్యులేషన్ అసలు పని అప్పుడు మొదలైంది. అమ్మీటర్‌ని మొదటి బల్బుకి ముందు, రెండింటి మధ్య, రెండోదాని తర్వాత పెట్టి చూశారు. మూడు చోట్లా ఒకటే అంకె. ఒక బల్బు నిరోధం తగ్గించగానే అది మసకబారింది, అచ్చం మా టార్చి బల్బులాగే, అమ్మీటర్ అంకె మాత్రం మళ్లీ మూడు చోట్లా ఒకటే. మా ముల్లు ఇరుక్కున్న అమ్మీటర్‌తో ఇది నేను ఎప్పటికీ చూపించలేకపోయేదాన్ని.

అప్పటి నుంచి ముందు బల్ల, తర్వాత ప్యానెల్. ప్యానెల్ ముట్టుకునే ముందు ఏమవుతుందో ప్రతివాడూ రఫ్ పుస్తకంలో రాయాలి, రాయకపోతే ఆ రోజు వాడికి ప్యానెల్ లేదు. యూట్యూబ్ వీడియోలు దాదాపు మానేశాను, బాగుంటాయి గానీ చూస్తున్నంతసేపూ అన్నీ అర్థమైనట్టే ఉంటాయి, తెల్లారి అడిగితే ఒక్కడూ నోరు విప్పడు.

ఎలక్ట్రాన్ల సంగతి కూడా చెప్పాలి. అడ్డుకోత వైశాల్యం ఒక చదరపు మిల్లీమీటరు ఉన్న రాగి తీగలో ఒక ఆంపియర్ కరెంటు పోతుంటే ఎలక్ట్రాన్ల డ్రిఫ్ట్ వేగం, అంటే అవి సగటున ముందుకి జరిగే వేగం, సెకనుకి సుమారు 0.07 మిల్లీమీటర్లే. లెక్క బోర్డు మీద చేయించి, స్విచ్ నుంచి బల్బుకి నాలుగు మీటర్ల తీగ ఉంటే ఎలక్ట్రాన్ చేరడానికి ఎంతసేపు అని అడిగాను. దాదాపు 16 గంటలు వచ్చింది. మరి స్విచ్ వేయగానే ఎలా వెలుగుతోంది? ప్యానెల్ మీద స్విచ్ మూసి చూపిస్తే తీగలో ఎలక్ట్రాన్లని చూపే చుక్కలన్నీ ఒకేసారి కదిలాయి. ఎప్పుడూ మాట్లాడని పిల్లాడొకడు లేచి "బోరు మోటరు మేడం. పైపుల నీళ్లు ముందే నిండి ఉంటే మోటరు ఎయ్యంగనే అటు చివర పడ్తయ్" అన్నాడు. పాఠ్యపుస్తకం కంటే బాగా చెప్పాడు, నా నోట్సులో వాడి పేరుతోనే రాసుకున్నాను.

నా సంబరం ఎంతోసేపు నిలవలేదు. ముందు బెంచీ అమ్మాయే మళ్లీ లేచింది. ఇంట్లో వచ్చేది ఏసీ కరెంటు కదా, అటూ ఇటూ మారుతుందన్నారు కదా, అప్పుడు స్విచ్ దగ్గరి ఎలక్ట్రాన్ 16 గంటలకైనా బల్బు దాకా ఎట్లా వస్తది అని. రాదు. సెకనుకి 50 సార్లు ఊగుతూ ఉన్నచోటే ఉంటుంది. నా 16 గంటల లెక్క టార్చి లైటుకి సరిపోతుంది గానీ ఇంటి బల్బుకి కాదు, ఉదాహరణ తప్పు ఇచ్చానని బోర్డు మీద కొట్టేశాను. మరైతే మన ఇంటికి వచ్చేదేంది మేడం, బిల్లు దేనికి కడుతున్నాం అంది. బెల్లు కొట్టారు. ఆ రాత్రి ఫెట్‌లో ఏసీ సర్క్యూట్ కిట్ దించుకున్నాను, సోమవారం మొదటి పీరియడ్ దానికే.