ఇంజన్ ఆపినా 95

ఆదివారం. ఎండ ముదరకముందే బానెట్ లేచింది. చిన్న టర్బో పెట్రోల్ బండి. ఫిర్యాదు ఒక్కటే, ఎత్తు ఎక్కనంటోంది. ఓబీడీ సాకెట్‌లో (బండి కంప్యూటర్ అంకెలు చదివే చోటు) బ్లూటూత్ బిళ్ల, ఫోన్‌లో అంకెలు.

తాళం ఆన్, ఇంజన్ ఆఫ్: మ్యానిఫోల్డ్‌లో (ఇంజన్‌లోకి గాలి పంచే గొట్టం) ప్రెషర్ 95 కిలోపాస్కల్. కొత్తవాళ్లు కంగారుపడేది ఇక్కడే, ఇంజనే తిరగందే బూస్ట్ (టర్బో అదనంగా తోసే గాలి ఒత్తిడి) ఎలా వచ్చిందని. అది హైదరాబాద్ గాలి, అంతే. సముద్రమట్టం దగ్గర 101 ఉండేది, ఇక్కడ 540 మీటర్ల ఎత్తుకి 95కి దిగింది. సెన్సర్ పూర్తి శూన్యం నుంచి లెక్కపెడుతుంది. డ్యాష్ మీద బిగించే ముల్లు మీటరుకి బయటి గాలే సున్నా. ఫోన్ అంకెలోంచి ఈ 95 తీసేస్తేనే బూస్ట్. పొద్దున్నే దీన్ని కాగితం మీద రాసుకోని వాళ్ల లెక్క సాయంత్రం దాకా తప్పుతూనే ఉంటుంది.

వేడెక్కాక, ఏసీ ఆపి, ఐడిల్‌లో (పెడల్ తొక్కకుండా ఇంజన్ ఊరికే తిరిగేటప్పుడు) 36. 95 కంటే 59 తక్కువ, 100 కిలోపాస్కల్ ఒక బార్, కాబట్టి ముల్లు మీటరైతే సున్నాకి ఎడమన 0.6 బార్ వ్యాక్యూమ్. ఏసీ వేస్తే 40 దాటింది, మామూలే. ఏసీ లేకుండానే 50కి పోయి ఐడిల్ ఊగుతుంటే త్రాటిల్ (పెడల్‌తో తెరుచుకునే గాలి తలుపు) తర్వాత ఎక్కడో గాలి పీలుస్తున్నట్టు. ఇక్కడ అలా లేదు. (డీజిల్‌లో ఈ పరీక్ష పనికిరాదు, చాలావాటికి ఐడిల్‌లో చెప్పుకోదగ్గ వ్యాక్యూమే ఉండదు.)

ఖాళీ రోడ్డు, మూడో గేరు, 2000 ఆర్పీఎం నుంచి పెడల్ అడుగంటా తొక్కితే 160. 95 పోగా 65, అంటే 0.65 బార్. ఈ ఇంజన్‌కి 1 బార్ రావాలి. ఐడిల్ బాగుండి బూస్ట్ రాకపోతే లీకు త్రాటిల్‌కి ముందే వెతకాలి. లేదా వేస్ట్‌గేట్ (టర్బోకి వెళ్లే పొగను పక్కకి వదిలే తలుపు) పూర్తిగా మూసుకోవడం లేదేమో చూడాలి. చవకైన పని ముందు.

టర్బో మూతికి బిరడా బిగించి, బ్రీదర్ పైపు (ఇంజన్ అడుగు గది, అంటే క్రాంక్‌కేస్, ఆవిరి బయటికి వచ్చే దారి) మూసి, రెగ్యులేటర్‌తో 0.5 బార్ గాలి. బ్రీదర్ వదిలేస్తే గాలి క్రాంక్‌కేస్‌లోకి దూరి ఆయిల్ సీళ్లను తోస్తుంది. పైపులన్నిటికీ సబ్బు నీళ్లు. ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) నుంచి త్రాటిల్‌కి వెళ్లే రబ్బరు మోచేతి పైపు అడుగున, క్లాంప్ అంచు వెంట, నురగ బుసబుసా పొంగింది. పైనుంచి చూస్తే జిడ్డు తప్ప ఏమీ లేదు. వంచితే వేలిగోరంత చీలిక నోరు తెరిచింది. ఎవరో క్లాంప్‌ని మరీ బిగించేశారు, అంచు రబ్బరుని కోసేసింది. టేపు చుట్టడం దండగ. కొత్త పైపు, మూతుల మీద ఆయిల్ తుడిచి, వెడల్పు క్లాంప్.

సాయంత్రం అదే రోడ్డు, అదే గేరు: 195. సరిగ్గా 1 బార్, 14.5 పీఎస్ఐ. ఇదే 195 విశాఖలో ముల్లు మీద 0.94 గానే కనబడుతుంది, దానికి మళ్లీ బానెట్ ఎత్తక్కర్లేదు. మొదట్లో క్షణంపాటు 203 తాకి దిగింది, పర్వాలేదు. 230 దాకా ఎగిరితే మాత్రం వేస్ట్‌గేట్‌ని తెరిచే యాక్చుయేటర్‌కి వెళ్లే సన్న గొట్టం ఊడిందో చిట్లిందో చూడాలి. ఫోన్ నిదానం, అలా ఎగిరిన క్షణాలు సగం దానికి దొరకవు. అందుకు ముల్లు మీటరే మేలు.

రేపు డీజిల్ బండి, 1.7 బార్ పట్టేది. 95 కలిపితే 265, మామూలు ఓబీడీ అంకె 255 దాకానే చూపుతుంది, కాబట్టి ముల్లు మీటరు, టీ ఆకారపు జాయింటు, 4 మిల్లీమీటర్ల గొట్టం ఇప్పుడే సంచిలో వేసి ఉంచాలి.