లక్ష్మీవారం నాటి టర్కీ

నవంబర్ 27, గురువారం. రాత్రి 11 దాటింది.

చేతులకి ఇంకా వెన్న వాసన పోలేదు. మూడుసార్లు సబ్బుతో కడిగాను, నిమ్మచెక్క కూడా రుద్దాను, ఊహూఁ. డిష్‌వాషర్ రెండో వాయి తిరుగుతోంది, మా ఆయన సోఫాలోనే నిద్రపోయారు, మా వాడు అమ్మమ్మ పక్కలో దూరాడు. నేనూ పడుకోవాలి గానీ ఇవాల్టి భాగోతం రాయకుండా నిద్ర పట్టేలా లేదు.

డాలస్ పక్కన ఈ ఇర్వింగ్‌కి వచ్చి పదకొండేళ్ళు. ఇన్నేళ్ళూ మాకు థ్యాంక్స్‌గివింగ్ అంటే నాలుగు రోజుల సెలవు, ఎవరో ఒకరింట్లో తలా ఓ వంట తెచ్చుకునే పాట్‌లక్, అంతే. ఈ పండగకి ఇక్కడివాళ్ళు వండే టర్కీ కోడి జోలికి ఎప్పుడూ పోలేదు. హోటల్‌కి ఫోన్ చేసి బిర్యానీ ఫుల్ ట్రే చెప్పేస్తే పని అయిపోయేది. ఈసారి మా వాడు స్కూల్లో కాగితం మీద అరచెయ్యి పెట్టి చుట్టూ గీసి, బొటనవేలికి కన్నూ ముక్కూ పెట్టి, మిగతా నాలుగు వేళ్ళకి ఈకల రంగులేసి తెచ్చి ఫ్రిజ్‌కి అంటించాడు. అక్కడితో ఆగాడా, క్లాసులో అందరూ ఇంట్లో టర్కీ చేస్తారట, మనమే చెయ్యమట. వారం రోజులు అదే పాట. సరేరా బాబూ చేస్తాను అనేశాను.

అన్నాక గుర్తొచ్చింది, అమ్మ ఇక్కడే ఉంది కదా అని. విశాఖ నుంచి సెప్టెంబర్‌లో వచ్చింది. కార్తీకమాసం అంతా ఇంట్లో గుడ్డు కూడా పగలనివ్వలేదు. పోయిన గురువారంతో కార్తీకం అయిపోయింది, హమ్మయ్య అనుకుని శనివారం వెళ్ళి టర్కీ కొనుక్కొచ్చాను. 13 పౌండ్లు, అంటే దాదాపు ఆరు కిలోలు, రాయిలా గడ్డకట్టి ఉంది. అది చూసి అమ్మ "ఏటే ఇది, కోడా మేకపిల్లా" అంది. అన్నాక క్యాలెండర్ చూసి, "గురువారమా వండేది? మార్గశిరంలో మొదటి లక్ష్మీవారమే!" అంది.

మా అమ్మకి మార్గశిర లక్ష్మీవారం అంటే మామూలు విషయం కాదు. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి ఈ నెలంతా గురువారాలు జనం తెల్లవారకుండానే వరసలు కడతారు. చిన్నప్పుడు నేనూ అమ్మ కొంగు పట్టుకుని నిలబడినదాన్నే. నిన్న రాత్రి మాకు ఏడవుతుంటే అక్కడ తెల్లారింది, పిన్ని క్యూలోంచి వీడియో కాల్ చేసింది, అమ్మ ఫోన్‌నే కళ్ళకద్దుకుంది. ఏం చెయ్యను, ఈ పండగ ఎప్పుడూ గురువారమే. నవంబర్ నాలుగో గురువారం అని 1941లో ఏకంగా చట్టమే చేశారు. అది చెబితే అమ్మ, "చట్టం చేసేవాళ్ళు ఆ ఆదివారమేదో పెట్టుకోవచ్చుగా" అంది. ఆవిడ బాధ ఆవిడది.

చివరికి ఒప్పందం కుదిరింది. తను వండదు, తినదు, వంటింట్లోకి రాదు. మేం వండుకోవచ్చు. కానీ పొద్దున తన పూజ అయ్యేదాకా ఆ పక్షి ఫ్రిజ్ దాటి బయటికి రాకూడదు.

పూజ ఎనిమిదింపావుకి అయింది. ప్రసాదం తిని, టర్కీ బయటికి తీసి కవరు మీద నుంచే నొక్కి చూశాను. రొమ్ము వైపు మెత్తగానే ఉంది, తొడల దగ్గర మాత్రం ఇంకా బండరాయి. ఫ్రిజ్‌లో మంచు వదలాలంటే నాలుగైదు పౌండ్లకి ఒక రోజు చొప్పున పడుతుంది, నా లెక్కకి మూడు రోజులు కావాలి. నేనేమో శనివారం కొన్నదాన్ని సోమవారం రాత్రి దాకా ఫ్రీజర్‌లోనే ఉంచాను. బద్ధకం. మధ్యాహ్నం రెండింటికి రెండు కుటుంబాలు వస్తున్నాయి. టెన్షన్ అప్పుడు మొదలైంది. కవరు విప్పకుండా సింకులో చన్నీళ్ళలో ముంచి, అరగంటకోసారి నీళ్ళు మారుస్తూ కూచున్నాను. వేడి నీళ్ళు పోస్తే త్వరగా అవుతుంది కదా అని మా ఆయన సలహా. పైన వెచ్చబడి లోపల గడ్డగా ఉంటే పైమాంసంలో క్రిములు పెరుగుతాయి, అందుకే చన్నీళ్ళు అని విసుక్కున్నాను.

పది దాటాక కవరు విప్పాను. కాళ్ళు రెండూ ఒక కొక్కెంలో బిగించి ఉన్నాయి. లోపల చెయ్యి పెడితే మెడ ముక్క ఇంకా మంచులో అతుక్కుని ఉంది, లాగితే పటుక్కున ఊడొచ్చింది. మరోవైపు మెడ తోలు కింద కాయితం సంచిలో కందనకాయ, గుండె, లివర్. అమ్మ డైనింగ్ టేబుల్ దగ్గర కుర్చీ వంటింటి వైపు తిప్పుకుని కూచుని ఉంది (గడప దాటలేదు, మాట మాటే), సంచిలో ఏమున్నాయో చెప్పగానే మెడ సాగదీసి చూసింది. "ఆ కందనకాయ పారెయ్యకు" అంది. లక్ష్మీవారం లక్ష్మీవారమే, కందనకాయ కందనకాయే.

ఆ తర్వాత కడగడం మీద గొడవ. ఉప్పూ పసుపూ పట్టించి నాలుగు నీళ్ళలో కడగవే అంటుంది అమ్మ. ఇక్కడి వ్యవసాయ శాఖ వాళ్ళేమో పచ్చి కోడిని, టర్కీని కడగొద్దనే చెబుతారు, నీళ్ళు చింది సింకూ గట్టూ అంతా క్రిములు అంటుకుంటాయి, ఎలాగూ పొయ్యి వేడికి చచ్చేవే కదా అని. అది చెబితే అమ్మ ముఖం చూడాలి. "కడగని కోడిని బిడ్డకి పెడతావా?" నేను మాట్లాడకుండా పేపర్ టవల్స్‌తో లోపలా బయటా తుడిచి, వెన్నలో వెల్లుల్లి, మిరియాల పొడి, ఉప్పు, కాస్త ధనియాల పొడి కలిపి, అమ్మ చూస్తుండగానే ఒక చెంచా పసుపు కూడా వేశాను. రొమ్ము మీద తోలు కింద వేళ్ళు దూర్చి మెల్లగా విడదీసి ఆ వెన్న లోపలికి తోశాను. చల్లటి తోలు, జారే వెన్న, గోళ్ళలో పసుపు. ఎక్కడ చిరుగుతుందో అని ఊపిరి బిగబట్టి చేశాను.

ఇక ట్రే. ఏడాదికోసారి పనికి పెద్ద రోస్టింగ్ పాన్ ఎందుకు, కొంటే ఏ బీరువాలో పెడతాం అని, అల్యూమినియం ఫాయిల్ ట్రేలు లోతువి రెండు కలిపి ఐదు డాలర్లకి తెచ్చాను. ఫాయిల్ ట్రే నాకు కొత్తా? ఇక్కడి తెలుగు ఇళ్ళల్లో గరిటె లేని ఇల్లైనా ఉంటుందేమో గానీ ఫాయిల్ ట్రే లేని ఇల్లుండదు. వ్రతానికి పులిహోర, పుట్టినరోజుకి బిర్యానీ, హాఫ్ ట్రే, ఫుల్ ట్రే అనే కొలతల్లోనే మాట్లాడుకుంటాం. దాన్ని పొయ్యిలో, అదే ఓవెన్‌లో, పెడతానంటే అమ్మకి భయం, "ఆ వెండి కాయితం కరిగిపోదా?" అని. అల్యూమినియం కరగాలంటే 660 డిగ్రీల సెల్సియస్ కావాలి, మన పొయ్యి 325 ఫారెన్‌హీట్, అంటే 163 సెల్సియస్ కూడా లేదు, ఏం కాదు అని ధీమాగా చెప్పాను. చింతపండు పులిహోర రెండ్రోజులు ఉంచితే ఫాయిల్‌కి సన్న చిల్లులు పడటం చూశాను గానీ దీంట్లో పులుపు లేదు కదా. అడుగున ఉల్లిపాయ చక్రాలు, క్యారెట్లు పరిచి, వాటి మీద పక్షిని పెట్టి, రెక్కలు వెనక్కి మడిచి, ట్రేని తిన్నగా పొయ్యిలోని ఇనప కమ్మీల మీద పెట్టేశాను. పదిముప్పావు.

రెండు గంటలు ఇల్లంతా వెల్లుల్లి వాసనతో బ్రహ్మాండంగా గడిచింది. ఆ ఖాళీలోనే అమ్మ అడిగింది, దీన్ని మన దగ్గర ఏమంటారే అని. టర్కీ కోడి అనే అంటాం. తమాషా ఏంటంటే, ఈ పక్షి పుట్టిందేమో అమెరికాలో, ఇంగ్లీషు వాళ్ళు టర్కీ అన్నారు, ఆ టర్కీ దేశం వాళ్ళు దీన్ని హిందీ అంటారు, ఫ్రెంచి వాళ్ళ దిండ్ అన్న మాటకీ ఇండియా కోడి అనే మూలం. ఎవరికి వాళ్ళు మాది కాదు పొమ్మన్నారు. "మనదైతే మాత్రం కాదు, ఇంత లావు కోడిని నేనెరగను" అంది అమ్మ.

పన్నెండున్నర దాటాక చూస్తే వెనక వైపు ఎక్కువ ఎర్రబడుతోంది. ట్రేని అటుదిటు తిప్పుదామని చేతిగుడ్డలతో రెండు అంచులూ పట్టుకుని లేపాను. అంతే. రెండు పక్కలూ లోపలికి ముడుచుకున్నాయి, నడుమ పడవ అడుగులా కిందికి వంగింది, ఓ మూల కమ్మీకి గీరుకుని చిరిగింది. కరిగిన వెన్నా, కొవ్వూ సర్రున పొయ్యి అడుగుకి జారిపోయాయి. ట్రేని అక్కడే వదిలేసి తలుపు మూసి పొయ్యి ఆపేశాను, ఆ మాత్రం బుద్ధి పనిచేసింది. మంట రాలేదు గానీ పొగ! స్మోక్ అలారం చెవులు చిల్లులు పడేలా మొదలుపెట్టింది. మా ఆయన కుర్చీ ఎక్కి తువ్వాలుతో విసురుతున్నారు, మా వాడు చెవులు మూసుకుని గెంతుతున్నాడు, పక్కింటి పెద్దావిడ పరుగున వచ్చింది, ఒక చేతిలో మాకిద్దామనుకున్న గుమ్మడికాయ పై కూడా ఉంది. ఆవిడ పొయ్యి వైపు ఒక్క చూపు చూసి, "కింద కుకీ షీట్ పెట్టలేదా?" అంది. బిస్కట్లు కాల్చే గట్టి రేకు అన్నమాట.

దాని వెనకే అమ్మ. ఆవిడ ఇంగ్లీషు అమ్మకి అర్థమయ్యే ప్రశ్నే లేదు, కానీ ఇద్దరూ చెప్పింది ఒకటే. "నిండు విస్తరాకుని ఎవరైనా అంచులు పట్టుకుని లేపుతారటే? కింద చెయ్యి వెయ్యాలి గానీ."

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. పదకొండేళ్ళుగా బిర్యానీ ట్రేలు మోస్తున్నాను, కార్లోంచి దింపేటప్పుడు అడుగున అరచెయ్యి ఆనించే కదా దింపుతాను. పొయ్యిలో చేతులు పెట్టలేను కాబట్టి ఆ చెయ్యి స్థానంలో ఇంకేదో ఉండాలని తట్టలేదు. కుకీ షీటా, పొయ్యి కింది సొరుగులోనే ఉంది, దర్జాగా. ఇందాక చెత్తబుట్టలోంచి ట్రే అట్ట తీసి చదివాను, లేపేటప్పుడు అడుగున ఆసరా ఇవ్వమని అక్షరాలా రాసుంది.

పావుగంట ఆగి, పొయ్యి కాస్త చల్లారాక పాత అట్లకాడతో గీకి, పేపర్ టవల్స్‌తో తుడిచాం. రెండో ట్రేని కుకీ షీట్ మీద పెట్టి, పెద్దావిడ ఒక కాలు, మా ఆయన ఒక కాలు పట్టుకుని పక్షిని అందులోకి మార్చారు. ఆవిడ చేతుల మీదుగా పసుపు వెన్న కారుతోంది, స్వెట్టర్‌కీ అంటింది, వద్దన్నా వినలేదు. ఇద్దరు చేతులు కడుక్కునే సరికి ఇంకో పది నిమిషాలు. మొత్తానికి అరగంట పోయింది.

రెండింటికి చుట్టాల్లాంటి స్నేహితులు దిగారు, ఒకళ్ళ చేతిలో పులిహోర, ఇంకొకళ్ళ చేతిలో గుత్తివంకాయ, రెండూ ఫాయిల్ ట్రేలే. నేను వాళ్ళ చేతులు ఎక్కడున్నాయా అని చూశాను. ఇద్దరూ అడుగునే పట్టుకున్నారు.

రెండున్నరకి రొమ్ములో గుచ్చి వచ్చిన ప్లాస్టిక్ బటన్ టక్కున పైకి లేచింది, అయిపోయిందోచ్ అని పిల్లలు అరిచారు. నమ్మకుండా థర్మామీటర్ పెడితే రొమ్ము 165 ఫారెన్‌హీట్, అంటే చాలు. తొడలో 152. ఎముకకి తగిలిందేమోనని ఇంకోచోట గుచ్చాను, అక్కడా అంతే. రొమ్ము మీద ఫాయిల్ కప్పి ఇంకో అరగంట పెట్టాను. తీశాక మరో అరగంట కదపకుండా ఉంచాలి, వెంటనే కోస్తే రసమంతా పలక మీదికి కారిపోతుంది. మేం పళ్ళేల ముందు కూచునేసరికి మూడున్నర దాటింది, టీవీలో డాలస్ కౌబాయ్స్ ఫుట్‌బాల్ మ్యాచ్ మొదలైంది, మగవాళ్ళు పళ్ళేలతో అటు వెళ్ళిపోయారు.

ఎలా ఉందంటే, నిజం చెప్పాలి. పైతోలు ఎర్రగా కరకరలాడింది, పసుపు వల్ల రంగు అదిరింది. లోతు ట్రే గోడల చాటున ఉన్న కింది సగం మాత్రం పాలిపోయి ఉడికించిన కోడిలా ఉంది. రొమ్ము కాస్త ఎండింది, తొడ మాత్రం చాలా బాగుంది. రసం సగం నేలపాలైంది కాబట్టి మిగిలిన కాస్తలో కార్న్‌ఫ్లోర్, మిరియాలు వేసి గ్రేవీ అనిపించాను. వారం రోజులు నా ప్రాణం తీసిన మా వాడు రెండు ముక్కలు తిని, "బాగుందమ్మా" అని, పులిహోర పెట్టించుకున్నాడు. పెద్దావిడ గుత్తివంకాయ రెండుసార్లు వడ్డించుకుంది. అమ్మ మాత్రం కాసిని పళ్ళు, పాలు.

అందరూ వెళ్ళాక మిగిలిన మాంసం ఎముకల నుంచి ఒలిచి డబ్బాల్లో సర్దుతుంటే అమ్మ గడప దగ్గరికి వచ్చి నిలబడింది. "ఎన్నాళ్ళుంటుందే అది?"

ఫ్రిజ్‌లో మూడు, నాలుగు రోజులు అన్నాను.

వేళ్ళ మీద లెక్కపెట్టింది. ఇవాళ లక్ష్మీవారం. రేపు శుక్రవారం, అమ్మవారిది. ఎల్లుండి శనివారం, వెంకన్నది. "అయితే ఆదివారానికి సరిపోతుంది. ఆ తొడ ముక్కలు విడిగా పెట్టు, పలావు చేస్తాను. ఆ కందనకాయేదీ?"

పచ్చిది అన్నాళ్ళు ఆగదని ఫ్రీజర్‌లో పెట్టానన్నాను. శనివారం రాత్రే తీసి ఫ్రిజ్‌లో పెట్టమంది, నీలాగా ఆఖరి నిమిషంలో కాదు అని కూడా అంది.