పేరు లేని యుద్ధకాలపు స్కెచ్‌లో ఏ చర్చి ఉందో తేల్చడం: నా అనుభవం

"శిథిలమైన చర్చి, ఫ్రాన్స్, 1917." మొదటి ప్రపంచయుద్ధంలో సైన్యంతో తిరిగిన చిత్రకారుల స్కెచ్‌ల కింద చాలాసార్లు ఉండే సమాచారం ఇంతే. ఊరి పేరు తెలియక వదిలేసినవి కొన్ని. సెన్సార్ దాటాలి కాబట్టి రాయనివి కొన్ని. అలాంటి బొమ్మల్లో చర్చి ఏదో, ఎప్పుడు గీశారో తేల్చే పని నేను చేస్తుంటాను. ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చునే చాలావరకు అయిపోతుంది, పెద్దగా ఖర్చూ లేదు. కాకపోతే వరస ముఖ్యం. అది తప్పితే తిరిగిన చోటే తిరుగుతాం.

అందరూ మొదట చేసేది ఇప్పటి వీధి ఫొటోలతో పోల్చడం. నేను దాన్ని ఆఖరికి పెట్టుకుంటాను. పోరు జరిగిన ఊళ్లలో ఇప్పుడు కనిపించే చర్చిలు ఎక్కువగా 1920లలో, 30లలో తిరిగి కట్టినవి. అన్నీ పాత రూపంలోనే కట్టలేదు. బెల్జియంలోని ఈప్ర్ పట్టణమే చూడండి. అక్కడి సెయింట్ మార్టిన్ కతీడ్రల్‌కు ఇప్పుడు 102 మీటర్ల ఎత్తున శిఖరం ఉంది. యుద్ధానికి ముందు ఆ గోపురం శిఖరం లేకుండా మొండిగా ఉండేది. ఇప్పటి ఫొటో పక్కన పెట్టుకున్నవాళ్లు సరైన స్కెచ్‌ను కూడా "ఇది ఈప్ర్ కాదు" అని తోసేస్తారు. పోల్చాల్సింది 1914కు ముందు అచ్చయిన పోస్టుకార్డులతో. అప్పట్లో ఫ్రాన్స్‌లో చిన్న చిన్న పల్లె చర్చిలకు కూడా పోస్టుకార్డులు వేసేవారు.

స్కాన్ చేతికి రాగానే చూడాల్సింది అది చేత్తో గీసిందా, అచ్చు తీసిందా అని. పెన్సిల్, బొగ్గు, ఇంకు వాష్ అయితే ఎడమ ఎడమగానే ఉంటుంది. ఎచింగ్ అయితే రాగిరేకు మీద గీసింది కాగితం మీదికి వచ్చేసరికి కుడిఎడమలు తారుమారవుతాయి. రాతి మీద గీసి అచ్చు తీసే లిథోగ్రాఫ్‌లోనూ అంతే, ముందు కాగితం మీద గీసి రాతి మీదికి దింపే ట్రాన్స్‌ఫర్ కాగితం వాడితే తప్ప. కొందరు ముందే తిప్పి గీసేవాళ్లు, కొందరు పట్టించుకునేవాళ్లు కాదు. బొమ్మ చుట్టూ రేకు అంచు కాగితంలోకి దిగిన గీత కనిపిస్తే అది ఎచింగ్ అనుకోవచ్చు. కింది మార్జిన్‌లో పెన్సిల్ సంతకం సూటిగా ఉందని మురిసిపోవద్దు, అది అచ్చు తీశాక పెట్టింది. బొమ్మ లోపల దుకాణం బోర్డు మీద అక్షరాలో, గడియారం అంకెలో ఉంటే వాటిని చూడాలి. ఏదీ లేకపోతే స్కాన్‌ను తిప్పి రెండో కాపీ చేసుకుని, అక్కడి నుంచి రెండింటితోనూ వెతుకుతాను.

తర్వాత దిక్కు. ఆ ప్రాంతపు పాత చర్చిల్లో పీఠం మామూలుగా తూర్పున, ముఖద్వారం పడమరన ఉంటాయి. పల్లె చర్చికి గంటగోపురం తరచుగా పడమటి కొసనే ఉంటుంది. ఉత్తర ఫ్రాన్స్ దాదాపు 50 డిగ్రీల అక్షాంశం మీద ఉంది కాబట్టి మధ్యాహ్నం సూర్యుడు ఎప్పుడూ దక్షిణాన్నే ఉంటాడు; ఎండాకాలపు తెల్లవారుజామున, సాయంత్రం మాత్రం కొంత ఉత్తరానికి జరుగుతాడు. మధ్యాహ్నపు ఎత్తు జూన్ చివర సుమారు 63 డిగ్రీలు, సెప్టెంబర్ చివర 40 లోపు, డిసెంబర్‌లో 17. అంటే మధ్యాహ్నపు వేళ నిండా ఎండ పడుతున్న పొడవాటి గోడ దక్షిణపు గోడ. దాని ఎదురుగా నిలబడితే పడమర మన ఎడమ చేతి వైపు, గోపురం కూడా అటే ఉండాలి. ఎండ గోడకు కుడివైపున గోపురం కనిపిస్తే మూడు సంగతుల్లో ఒకటి: అచ్చులో తిరగబడింది, గోపురం పడమటి కొసన లేదు, లేదా చిత్రకారుడు నీడలు స్టూడియోలో కూర్చుని వేశాడు. ఈ మూడోది అనుకునేదానికంటే ఎక్కువే.

ఇక లెక్క. గోడ వెంట కిటికీలు ఎన్ని, వాటి మధ్య ఆనుడు గోడలు ఎన్ని, గంటల గదికి ఒక్కో వైపు ఎన్ని కంతలు, అవి గుండ్రటి కమానులా కోసు కమానులా. చిత్రకారుడు చేయి తిరిగినవాడైనా తొందరలో నిష్పత్తి తప్పుతాడు కానీ కిటికీల సంఖ్య అంత తేలిగ్గా తప్పడు. అందుకే నేను ఎత్తు వెడల్పుల కంటే సంఖ్యలనే నమ్ముతాను. ఫిరంగి దళాల కోసం గీసిన పనోరమా స్కెచ్‌లైతే ఎత్తులను అసలే నమ్మకూడదు. దూరపు గుర్తులు తేలిగ్గా కనబడాలని నిలువు కొలతను అడ్డం కంటే పెంచి గీయడం అందులో మామూలే. పొట్టి గోపురం సూదిలా కనిపిస్తుంది. వాటి మీద సాధారణంగా దిక్కుల కోణాలు రాసి ఉంటాయి, అవే అసలు సొత్తు.

బ్రిటిష్ కాగితాల వెనక ఒక్కోసారి 57డి ఆర్ 31 సి 5.5 లాంటి గుర్తు ఉంటుంది. దాన్ని ఇలా చదవాలి: 57డి మ్యాపు షీటు, ఆర్ పెద్ద గడి, 31 దాని లోపల 1,000 గజాల గడి, సి అందులో 500 గజాల పావు, చివరి రెండు అంకెలు ఆ పావును పదేసి భాగాలు చేసి ముందు తూర్పుకు, తర్వాత ఉత్తరానికి. యాభై గజాల తేడాలో చోటు దొరికినట్టే. కందకాలు చూపే ఆ సైనిక మ్యాపులు (ట్రెంచ్ మ్యాపులు) స్కాట్లండ్ జాతీయ గ్రంథాలయం సైట్‌లో ఉచితంగా, ఇప్పటి మ్యాపు మీద పరచి చూసుకునేలా ఉన్నాయి. అయితే అంకె చిత్రకారుడు నిలబడ్డ చోటుదా, చర్చిదా అన్నది విడిగా తేల్చుకోవాలి.

గుర్తు లేకపోతే గీసిన చిత్రకారుడి వెంట పోవాలి. బ్రిటన్ మొదటి అధికారిక యుద్ధ చిత్రకారుడు మ్యూర్‌హెడ్ బోన్ గౌరవ సెకండ్ లెఫ్టినెంట్‌గా ఫ్రాన్స్ చేరింది 1916 ఆగస్టులో. ఆ ముందటి తేదీతో ఉత్తర ఫ్రాన్స్‌లోని సోమ్ ప్రాంతపు ఆయన బొమ్మ ఉందంటే తేదీ మీద అనుమానపడాలి. అమెరికా సైన్యం 1918లో ఎనిమిది మంది చిత్రకారులను ఇంజనీర్ దళంలో కెప్టెన్లుగా తీసుకుంది. వాళ్ల పనిలో సుమారు 500 బొమ్మలు అమెరికాలోని స్మిత్సోనియన్ మ్యూజియం దగ్గర ఉన్నాయి. వాళ్లలో శిథిలాల విషయంలో నేను ఎక్కువ నమ్మేది జె. ఆండ్రే స్మిత్‌ని, ఆయన ఆర్కిటెక్చర్ చదివినవాడు. వాళ్లలోనే ఇంకొకడైన హార్వీ డన్‌కు మనుషులే ప్రధానం, గోడ వెనక తెరలా ఉంటుంది. ఆయన స్కెచ్ పెట్టె చూడముచ్చటైనది: పొడవాటి కాగితపు చుట్టను రెండు రోలర్ల మీద తిప్పుకుంటూ, చింపకుండా ఒక బొమ్మ తర్వాత ఒకటి గీసుకునే ఏర్పాటు. అమెరికన్లు పోరాడిన సెక్టార్లు కొన్నే కాబట్టి వెతుకులాట తగ్గుతుంది. ఈశాన్య ఫ్రాన్స్‌లోని మోంఫొకాన్ కొండ మీది చర్చి శిథిలమైతే మరీ తేలిక. దాన్ని అమెరికన్లు పట్టుకున్నది 1918 సెప్టెంబర్ 27న. ఆ మొండిగోడలను తిరిగి కట్టకుండా అలాగే ఉంచారు. ఇప్పటి ఫొటో నేరుగా పనికొచ్చే అరుదైన చోట్లలో అదొకటి.

ఊరు దొరికాక తేదీ. ఇక్కడ చర్చిలో మిగిలినదాన్ని కాదు, పోయినదాన్ని చూడాలి. దీనికి సోమ్‌లోని ఆల్బెర్ట్ బాసిలికాను మించిన పాఠం లేదు. గోపురం కొసన బంగారు పూత మేరీమాత, పైకెత్తిన చేతుల్లో బాలయేసు. 1915 జనవరి 15న గుండు తగిలి విగ్రహం పడిపోకుండా, కింద వీధి మీదికి దాదాపు అడ్డంగా వాలి ఆగిపోయింది. 1918 మార్చి 26న పట్టణం జర్మన్ల చేతికి పోయింది. ఆ గోపురం వాళ్లకు కాపలా చోటు కాకూడదని బ్రిటిష్ ఫిరంగులే ఏప్రిల్‌లో దాన్ని కూల్చాయి. ఆగస్టు 22న పట్టణం తిరిగి దక్కింది. కాబట్టి విగ్రహం నిటారుగా ఉంటే 1915 జనవరి 15కు ముందు, వాలి ఉంటే అప్పటి నుంచి 1918 ఏప్రిల్ దాకా, గోపురమే లేకపోతే ఆ తర్వాత. వాలిన విగ్రహం పోస్టుకార్డులు విపరీతంగా అమ్ముడయ్యాయి కాబట్టి, వాటిని చూసి గీసినవీ ఉండొచ్చు. అందుకే విగ్రహాన్ని చూసి ఊరుకోకుండా కింది గోడల్లో కంతలు, పైకప్పు వాసాలు కూడా ఫొటోతో సరిచూస్తాను.

దెబ్బ తీరు కూడా మాట్లాడుతుంది. నిప్పు ముందు తినేది కర్ర పైకప్పును. రీమ్స్ కతీడ్రల్‌లో 1914 సెప్టెంబర్ 19న పైకప్పు మొత్తం కాలినా కింది రాతి కమాను కప్పు చాలావరకు నిలిచింది, తర్వాతి గుండ్లకు చిల్లులు పడింది. పైకప్పు పోయిన పల్లె చర్చిలో వాననీరు దిగి కమానులు తర్వాతి చలికాలాల్లో ఊడతాయి. కాబట్టి రెండు ఫొటోల మధ్య ఏ కమాను ఊడిందో చూస్తే స్కెచ్ వాటి మధ్య ఎక్కడ పడుతుందో తెలుస్తుంది. గోడలు ఓ మాదిరిగా ఉండి గోపురం మాత్రం ఉన్నచోటే కుప్పగా కూలితే అది మందుపాతర పని కావచ్చు. 1917 ఫిబ్రవరి, మార్చిలో హిండెన్‌బర్గ్ లైన్ అనే తమ బలమైన రక్షణ వరసకు వెనక్కి తగ్గుతూ జర్మన్లు పేల్చినవి అలాగే కనిపిస్తాయి. శిథిలమల్లా యుద్ధం వల్లే అనుకోకూడదు కూడా. అరాస్ దగ్గర మోంసెంట్ ఎలూవా జంట గోపురాల మఠం ఫ్రెంచ్ విప్లవం తర్వాతే పాడుబడింది. ఈ యుద్ధం చేసింది ఆ గోపురాలను 53 మీటర్ల నుంచి 44కు తగ్గించడం.

పోల్చే ఫొటోలకు ఫ్రెంచ్ సెక్టార్లయితే పారిస్ పక్కన నాంటేర్‌లోని లా కాంతాంపొరేన్ గ్రంథాలయంలో ఉన్న వాల్వా ఆల్బమ్‌లు, అంటే ఫ్రెంచ్ సైన్యం తీసిన యుద్ధకాలపు ఫొటోలు, చూస్తాను. అమెరికన్ సెక్టార్లయితే అమెరికా సైన్యంలోని సిగ్నల్ కోర్ దళం తీసిన ఫొటోలు, వాటి నంబర్లు 111-ఎస్‌సీ తో మొదలవుతాయి. పాత కట్టడం వివరాలకు ఫ్రాన్స్ సాంస్కృతిక శాఖ వారి పాప్ సైట్.

చివరికి మ్యూజియానికి పంపేటప్పుడు స్కెచ్, ఫొటో ఒకే కొలతకు తెచ్చి, కలిసిన గుర్తులు నాలుగైదు అంకెలు వేసి చూపిస్తాను. కలవనివి కూడా రాస్తాను, అవి చూడకుండా ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. తేదీని ఒక్క రోజుగా కాక అవధిగా ఇస్తాను: బ్రిటిష్ అధికారిక చిత్రకారుడు అక్కడే నిలబడి గీసిన వాలిన విగ్రహమైతే "1916 ఆగస్టు నుంచి 1918 మార్చి వరకు". పాత శీర్షికను కొట్టేయమని అడగను, దాని కింద కొత్తది చేర్చమంటాను. బొమ్మ తిరగబడిందో లేదో మొదటి వాక్యంలోనే చెబుతాను.