మా కోరీలు: మూడో విడత గుడ్లు

మా ఇంట్లో చేపల ట్యాంకులో కోరీలు అనే చిన్న చేపలు మూడుసార్లు గుడ్లు పెట్టాయి. మొదటి రెండు విడతల్లో ఒక్క పిల్లా దక్కలేదు. మూడోసారి 31 బతికాయి.

నిరుడు మార్చిలో నాలుగు బ్రాంజ్ కోరీలు కొన్నాను. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన చిన్న జెల్ల జాతి చేపలివి. "కింద పడ్డ మేత తిని ట్యాంక్ శుభ్రం చేస్తాయన్నా, వేరే ఏమీ వెయ్యక్కర్లేదు" అన్నాడు కొట్టతను. నమ్మాను. అప్పట్లో మా ట్యాంక్ అడుగున పదునైన రంగురాళ్లు ఉండేవి. నెల తిరిగేసరికి చేపల మీసాలు అరిగి మొండి అయ్యాయి, మూతులు ఎర్రబారాయి. రెండు చచ్చిపోయాయి. రాళ్లు గీసుకోవడం ఒకటి, ఆ రాళ్ల సందుల్లో కుళ్లిన మేత ఇంకొకటి. ఇవి రోజంతా అడుగునే మూతి పెట్టి వెతుక్కునే చేపలు మరి, ఆ మురికంతా వాటి మీసాలకే తగులుతుంది.

రాళ్లన్నీ తీసేసి, సన్న ఇసుక జల్లించి, బకెట్లో నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి పరిచాను. మర్నాడు చూస్తే కళ్లదాకా ఇసుకలో మూతి దూర్చి, నోట్లోకి తీసుకున్న ఇసుకను మొప్పల్లోంచి సన్నటి ధారగా వదులుతున్నాయి. చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను. మీసాలు నెమ్మదిగా మళ్లీ పెరిగాయి.

తర్వాత ఇంకో ఆరు తెచ్చాను. ఇవి గుంపుగా ఉంటేనే ధైర్యంగా తిరుగుతాయి. పైనుంచి చూస్తే ఆడది వెడల్పుగా, మగది సన్నగా కనిపిస్తుంది. నా దగ్గర మూడు ఆడవి, ఐదు మగవి తేలాయి. అప్పుడప్పుడూ సర్రున పైకి దూసుకొచ్చి ఓ గుక్క గాలి మింగి మళ్లీ కిందికి పోతుంటే, "ఊపిరాడట్లేదేమో రా" అని అమ్మ కంగారుపడేది. మన కొర్రమీను కూడా పైకొచ్చి గాలి పీలుస్తుంది కదా, ఇవీ అంతే. కాకపోతే మింగిన గాలిలోని ఆక్సిజన్‌ను ఇవి పేగుతో పీల్చుకుంటాయి. ఊరికే పదేపదే పైకి వస్తుంటే మాత్రం నీళ్లు చెడ్డాయేమో చూసుకోవాలి.

ఎండాకాలంలో నీళ్లు 31 డిగ్రీలకు చేరాయి. మూత తీసేసి నీళ్ల మీదికి చిన్న ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గింది. ఆ నెలల్లో గుడ్ల ఊసే లేదు.

జులైలో వానలు పట్టుకున్నాయి. రెండు వారాలపాటు బ్లడ్‌వార్మ్స్ అనే ఎర్రటి సన్న పురుగులు బాగా మేపి, ఒక సాయంత్రం సగం నీళ్లు తీసేసి, నాలుగు డిగ్రీలు చల్లగా ఉన్న నీళ్లు పోశాను. వాటి సొంత ఊళ్లో కూడా వానలతోనే గుడ్ల కాలం వస్తుంది. తెల్లారేసరికి మగవి ఆడదాని వెంట గాజు పొడవునా పరుగులు పెడుతున్నాయి. ఒక మగది పక్కకు ఒరిగింది, ఆడది దాని పొట్టకు మూతి ఆనించి అలాగే ఆగింది. ఆడది మగదాని వీర్యాన్ని మింగుతుందని, అది క్షణాల్లో పేగు దాటి గుడ్ల దగ్గరికి చేరుతుందని 1995లో జపాన్ శాస్త్రవేత్తలు రాశారు. చూస్తూ ఉండగానే ఆడది పొట్ట కింది రెక్కలు దోసిలిలా మూసి, అందులో మూడు గుడ్లు పట్టుకుని గాజు దగ్గరికి వెళ్లింది. ముందు మూతితో ఆ చోటంతా తడిమి, తర్వాత దోసిలి ఆనించి గుడ్లు అతికించింది. మధ్యాహ్నం దాకా ఇదే పని.

ఆ మొదటి విడత గుడ్లను ట్యాంకులోనే వదిలేశాను. సాయంత్రానికి పెద్ద చేపలే తినేశాయి. రెండోసారి బ్లేడుతో గీకి వేరే డబ్బాలో వేశాను కానీ, నీళ్లు కదలకుండా ఉంచాను. ఒక గుడ్డుకు దూదిలా పట్టిన బూజు రెండు రోజుల్లో పక్కవాటికి పాకింది, అన్నీ పోయాయి. ఆ డబ్బా కడుగుతుంటే నిజంగా ఏడుపొచ్చింది.

మూడోసారి ఆగస్టులో. ఈసారి గుడ్లను వేలికొనతో మెల్లగా దొర్లించి తీశాను. కొత్త గుడ్డు జిగురుగా ఉంటుంది కానీ, కాసేపు ఆగితే గట్టిపడి నలగకుండా వస్తుంది. 90 పైచిలుకు వచ్చాయి. డబ్బాలో అదే ట్యాంక్ నీళ్లు పోసి, ఎండిన బాదం ఆకు ఒకటి వేసి, ఎయిర్‌స్టోన్‌తో (గాలి పైపు చివర పెట్టే సన్న రంధ్రాల రాయి) బుడగలు సన్నగా వదిలాను. తెల్లబడిన గుడ్డును కనిపించిన వెంటనే డ్రాపర్‌తో తీసేశాను. నాలుగో రోజు ఉదయం గుడ్ల చోట తోకలు కదులుతున్నాయి.

రెండు రోజులు పొట్టసంచిలోని సొనే వాటి తిండి. ఆ తర్వాత ఓట్స్ జావలో పెంచిన మైక్రోవార్మ్స్ అనే బాగా చిన్న పురుగులు. అసలు పని ఇక్కడుంది: పిల్లలు అడుగునే పడుంటాయి, మిగిలిన మేత కుళ్లేదీ అక్కడే. పొద్దునా సాయంత్రం ఎయిర్ పైపుతో అడుగున ఉన్న మురికి లాగి, పెద్ద ట్యాంక్ నీళ్లే తిరిగి పోసేవాణ్ణి. ఒక్కరోజు ఊరెళ్లి సాయంత్రం శుభ్రం తప్పితే తొమ్మిది పిల్లలు పోయాయి. అది మాత్రం నా తప్పే.

ఐదు వారాలకు గోరంత అయ్యాయి, మీసాలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. నిన్న డబ్బా ముందు కూర్చుని ఉండగా ఒక పిల్ల గభాలున పైకి లేచి, ఓ బుడగంత గాలి మింగి, ఇసుక మీదికి దిగి మిగతావాటి పక్కన సర్దుకుంది.