ఒక్క అక్షరం తేడా

మా అమ్మాయి నిన్న, ఇంగ్లిష్ మాటల అక్షరాలను వరుసగా చెప్పే ప్రాంతీయ స్పెల్లింగ్ బీ పోటీలో ఒక్క అక్షరం తేడాతో వెనుదిరిగింది. పలికినట్టే రాసే తెలుగులో చదువుకున్న నాకు, మైకు ముందు నిలబడ్డ పిల్లలు మాట మూలం లాటినా, ఫ్రెంచా అని అడిగి తెలుసుకుంటూ, పలకని అక్షరాలను పట్టుకోవడం ఇప్పటికీ వింతగానే ఉంటుంది. 1925లో అమెరికాలోని లూయీవిల్ నగరపు కొరియర్-జర్నల్ పత్రిక తోటి పత్రికలను కలుపుకొని ఈ జాతీయ పోటీని ఆరంభించగా, ఫ్రాంక్ న్యూహౌసర్ ‘గ్లాడియోలస్’ అన్న పూల పేరుకు అక్షరాలు సరిగ్గా చెప్పి తొలి విజేత అయ్యాడు. 1941లో బాధ్యత స్క్రిప్స్ అనే పత్రికా సంస్థకు వెళ్లాక కూడా, ఎన్నో ఊళ్ల పత్రికలు తమ ఊరి పిల్లలను జాతీయ పోటీకి వాషింగ్టన్‌కు పంపుతూ వచ్చాయి. పత్రికకు పాఠకులు కావాలి కాబట్టి అందులో కొంత స్వార్థం ఉన్నా, అది మంచి స్వార్థమే. 2024 విజేత బృహత్ సోమ 90 సెకన్లలో 29 మాటలకు సరైన అక్షరాలు చెప్పిన వీడియోను మా అమ్మాయి రాత్రి మళ్లీ పెట్టుకుంది.