ముప్పై ఒక్క పిల్లలు, నల్లది ఒక్కటీ లేదు

2025 జూలై 8, రాత్రి పదకొండున్నర. నేను పెంచే గార్టర్ పాముల్లో (అమెరికా చారల పాములు, గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి) రెండో నంబరు ఆడది పిల్లలు పెట్టడం మొదలెట్టింది. టార్చి పట్టుకుని టబ్బు ముందు చతికిలపడ్డాను. మొదటి పిల్ల చారలది. పోన్లే అనుకున్నాను. రెండోదీ చారలదే. ఏడోది కూడా పసుపు చారలతోనే పొర చించుకుని బయటికొచ్చేసరికి నా గొంతు ఎండిపోయింది. మా ఆవిడ నిద్రకళ్లతో వచ్చి తొంగిచూసి, "అన్నీ ఒకేలా ఉన్నాయి కదండీ, మీ నల్లవి ఏవి?" అంది. పంతొమ్మిది లెక్కపెట్టి లేచేసరికి రెండు దాటింది. జూలై 19న ఐదో నంబరు పన్నెండు పెట్టింది. అవీ చారలే. మొత్తం 31, నల్లవి సున్నా.

ఫ్లేమ్ (ఎర్ర రంగు గార్టర్ల) జత సంగతి ఒక్క ముక్కలో: 14 పెట్టింది, పద్నాలుగూ వానపాము ముక్కలు తింటున్నాయి. (పెద్ద నైట్‌క్రాలర్ వానపాములే పెట్టండి. కంపోస్టులో పెరిగే ఎర్రవి గార్టర్లకి పడవు.) ఇక ఇదంతా నల్లవాటి గొడవే.

ఈరీ సరస్సు పడమటి ఒడ్డునా, దీవుల్లోనూ, కెనడా వైపు పాయింట్ పీలీ, లాంగ్ పాయింట్ దగ్గరా తూర్పు గార్టర్లలో ఈ నల్లవి కనిపిస్తాయి. పుట్టుకతోనే బొగ్గు నలుపు, గడ్డం కింద మాత్రం సున్నం రాసినట్టు తెలుపు. మా టొలీడో (ఒహాయో) నుంచి గంట డ్రైవ్. ఏప్రిల్‌లో పొద్దున్నే వెళ్లి, ఎండ పడే సున్నపురాయి బండల వెంట మూడు గంటలు తిరిగితే 27 గార్టర్లు కనిపించాయి. అందులో 3 నల్లవి. ఫొటోలు తీసుకుని, కింద పాములున్నాయేమో అని ఎత్తిన రేకుల్ని ఎలా ఉన్నవి అలాగే కప్పి వచ్చేశాను. పార్కులో పట్టుకోవడం కుదరదు. బయట కూడా రాష్ట్రం రూల్స్ చదవకుండా చెయ్యి పెట్టొద్దు. హైదరాబాద్ నుంచి నీరుకట్టెల్ని ఇలాగే పెంచొచ్చా అని ఒకరు అడిగారు. గార్టర్‌కి నీరుకట్టె దూరపు చుట్టమే, కానీ వద్దు బాబూ. అక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది, పట్టి ఇంట్లో పెట్టుకుంటే కేసే.

నా నల్లది కాటుక. మగది, 51 గ్రాములు, పెంపకంలో పుట్టింది, తల్లిదండ్రులు రెండూ నల్లవే. 2022 మార్చిలో దాన్ని దొరసానితో కలిపాను. దొరసాని మామూలు చారల ఆడది. ఒక ఫ్రెండ్‌కి 2021 సెప్టెంబరు చివర్లో వాళ్ల పెరటి కంచె దగ్గర దొరికింది, ఇల్లు మారుతూ నాకిచ్చాడు. ఆ జూలైలో 23 పిల్లలు, అన్నీ చారలవే. నలుపు రిసెసివ్ (తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు నల్ల జన్యువులూ వస్తేనే బయటపడేది) కాబట్టి అలాగే ఉండాలి. తండ్రి నల్లది కాబట్టి అన్నీ హెట్ (పైకి చారలే, లోపల ఒక నల్ల జన్యువు మోసేవి) అయి ఉండాలి. రెండు పోయాయి, ఆరు ఉంచుకుని నంబర్లు పెట్టాను (రెండో నంబరు, ఐదో నంబరు వీటిలోవే), పదిహేను అమ్మాను. డబ్బాల మీద "వంద శాతం హెట్" అని నా చేత్తోనే రాశాను. ఆ రాతే ఇప్పుడు నా నెత్తిన పడింది.

2024లో రెండో నంబరుని తిరిగి తండ్రి అనుకున్న కాటుకతోనే కలిపితే 11 స్లగ్స్ (ఫలించని గుడ్ల ముద్దలు), రెండు చచ్చిన పిల్లలు. అప్పుడు తప్పంతా జత కట్టే ముందు ఇచ్చే చలి నిద్రకి వాడిన పాత వైన్ కూలర్ మీద వేశాను. వెయ్యాల్సిందే కూడా. లోపల ఉష్ణోగ్రత నమోదు చేసే లాగర్ పెట్టి చూస్తే 42 నుంచి 56 ఫారెన్‌హీట్ దాకా ఊయల ఊగుతోంది. అది పారేసి, మామూలు చిన్న ఫ్రిజ్‌కి ఇంక్‌బర్డ్ అనే ఉష్ణోగ్రత కంట్రోలర్ తగిలించాను. ఆ ధరకి అంతకన్నా నమ్మకమైంది నాకు దొరకలేదు (పాముల పెట్టెలకి వేడినిచ్చే వైపు మాత్రం హెర్ప్‌స్టాట్ కంట్రోలరే, అందులో రాజీ లేదు). 2024 నవంబరు 24 నుంచి ఫిబ్రవరి 20 దాకా, 88 రోజులు, 46 నుంచి 50 మధ్యే నిలబడింది. రెండో నంబరు 138 గ్రాముల నుంచి 131కి దిగింది, ఐదోది 121 నుంచి 116కి. అమ్మకి వీడియో కాల్‌లో చూపిస్తే, "నాగుల చవితికి పుట్టలో పాలు పొయ్యాల్సినవాడివి, ఫ్రిజ్‌లో పెడతావేంట్రా" అని ఫోన్ పెట్టేసింది.

ఆ హడావిడిలో పడి ఒకటి గమనించలేదు. చచ్చిన ఆ రెండు పిల్లలూ చారలవే.

ఈ ఏడాది మార్చి 11న కాటుక, రెండో నంబరు 17 నిమిషాలు కలిసి ఉన్నాయి. విడిపోయాక ప్లగ్ (కలయిక జరిగాక మగది ఆడదానిలో వదిలే బిరడాలాంటి ముద్ద) కంటితో చూశాను. మార్చి 14న ఐదోదానిదీ చూశాను. ఆడది హెట్, మగది నల్లది అయితే పిల్లల్లో సగం నల్లగా రావాలి. 19లో ఒక్కటీ రాకపోవడమంటే 5,24,288 సార్లలో ఒకసారి. 31లో ఒక్కటీ రాకపోవడమంటే 214 కోట్లలో ఒకసారి. అంత అదృష్టవంతుణ్ణయితే ఈపాటికి లాటరీ తగలాలి.

వారం రోజులు అనుమానాల మీద అనుమానాలు. తండ్రి వేరేదా? ఈ ఆడవి తమ్ముళ్లతో కలిసున్నది మూడు నెలల వయసు దాకే, అప్పటికి తొమ్మిదేసి గ్రాములు కూడా లేవు. సరే, మగదాని ప్రమేయం లేకుండానే పెట్టాయా? గార్టర్ల జాతుల్లో అలాంటివి రికార్డయ్యాయి, కానీ ఈ రకం పాముల్లో అలా పుట్టేవి మగవే. నా 19లో 10 మగ, 9 ఆడ. పెరిగాక నల్లబడతాయా? ఈరీ నలుపు పుట్టుకతోనే వస్తుంది, అయినా మనసు ఆగక పదిహేను రోజులు ఒక్కోదాన్నీ తిరగేసి పొట్ట చూశాను. సగటు బరువు 2.1 గ్రాములు, పొడవు 17 సెంటీమీటర్లు, పొట్ట లేత ఆకుపచ్చ. చక్కగా, ఆరోగ్యంగా, అచ్చం పెరటి పాముల్లా ఉన్నాయి. చివరికి కాటుక నలుపే వంశపారంపర్యం కాదేమో అని కూడా అనుకున్నాను. తల్లిదండ్రులు రెండూ నల్లవైతే ఆ మాట నిలబడదు.

అప్పుడు మళ్లీ బ్లాంచార్డ్‌ల పేపర్ తీశాను. ఈ నలుపు మెండెల్ లెక్క ప్రకారం రిసెసివ్ అని తేల్చిన మిషిగన్ దంపతులు వాళ్లు. ఫ్రాంక్ 1937లో పోతే, ఫ్రీడా 1941లో అచ్చు వేయించారు. అందరిలాగే నేనూ రిసెసివ్ అన్న ముక్క పట్టుకుని వదిలేశాను. ఆ పేపరు పేరులోనే రెండో సగం ఒకటుంది: శరదృతువులో జరిగిన కలయిక కూడా ఫలిస్తుందనడానికి ఆధారాలు. అంటే ఆడది ఆకు రాలే కాలంలో కలిసినా ఆ వీర్యాన్ని చలికాలమంతా దాచుకుని, వసంతంలో వాడుకుంటుంది.

దొరసాని దొరికింది ఎప్పుడు? సెప్టెంబరు చివర.

నోట్‌బుక్ తీసి 2022 మార్చి పేజీ చూశాను. "కాటుక గడ్డం రుద్దుతోంది, తోకలు పెనవేశాయి, 20 నిమిషాలు" అని రాసుంది. ప్లగ్ గురించి ఒక్క మాట లేదు. నేను చూసింది సరసం, కలయిక అనుకున్నాను. ఆ 23 పిల్లలకి తండ్రి కంచె కింద తిరిగే ఏదో చారల మగది. లేదా సగం దానివి, సగం కాటుకవి. గార్టర్లలో ఒకే ఈతకి ఇద్దరు ముగ్గురు తండ్రులుండటం మామూలే. అందుకే మొదటి నంబరు, మూడో నంబరు మీద ఇంకా పిసరంత ఆశ ఉంది.

ఇక అమ్మినవాళ్లకి ఫోన్లు. అదే కష్టమైంది. మిషిగన్‌లో ఉండే గుంటూరు కుర్రాడు ఒక జత తీసుకున్నాడు. "తమ్ముడూ, నీ దగ్గరున్నవి హెట్ కాకపోవచ్చు" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అన్నా, నేను వాటి పిల్లల్ని కూడా హెట్ అని అమ్మేశానే" అన్నాడు. ఒక్కోటి 45 డాలర్ల లెక్కన పదిహేనింటికీ వెనక్కిస్తానని అందరికీ చెప్పాను. ఇప్పటికి నలుగురే తీసుకున్నారు, మిగతావాళ్లు "పాము బానే తింటోంది, వదిలెయ్" అన్నారు. అడవిలో దొరికిన ఆడదాని మొదటి ఈతని హెట్ అని అమ్మేవాళ్లని ఇకమీదట నేను నమ్మను, నాతో సహా.

అసలు నేను జతని తిరగేసి కట్టాల్సింది. నల్లది ఆడదైతే తండ్రి ఎవరైనా ఇబ్బంది లేదు, ప్రతి పిల్లకీ తల్లి నుంచి ఒక నల్ల జన్యువు ఖాయం. మగ నల్లది చవకగా దొరికిందని తీసుకున్నాను, మూడేళ్లు పోయాయి.

అందుకని ఆగస్టు 2న నల్ల ఆడది ఒకటి వచ్చింది, పెంపకంలో పుట్టిందే. 74 గ్రాములు. 110 దాటితే తప్ప జత కట్టను, కాబట్టి 2026 వసంతానికి అందుతుందో లేదో. అందితే కాటుకతోనే. ఆ ఈత మొత్తం నల్లగా రావాలి, కాటుక మీద మిగిలిన అనుమానం కూడా దాంతో తీరుతుంది. మొదటి, మూడో నంబర్లనీ వచ్చే మార్చిలోనే పరీక్షిస్తాను, ఈసారి ప్లగ్ ఫొటో లేకుండా నోట్‌బుక్‌లో ఏదీ ఎక్కదు. చారల పిల్లలు 31నీ మామూలువిగానే ఇచ్చేస్తున్నాను. తండ్రి కాటుకే కాబట్టి ఇవి నిజంగా హెట్లు, కానీ ఆ మాట లేబుల్ మీద రాయడానికి చెయ్యి రావడం లేదు.

మే నెలలో సెలవు దొరికితే మనిటోబాలోని నార్సిస్ గుంతలకి వెళ్లాలని కూడా ఉంది. వేల కొద్దీ ఎర్ర పక్కల గార్టర్లు ఒకేసారి బయటికొచ్చే చోటు. మా ఆవిడ "నేను రాను" అని ఇప్పుడే చెప్పేసింది.

కొత్త ఆడది ఇంకా క్వారంటైన్‌లోనే, ఆస్పెన్ చెక్క పొట్టు కాకుండా పేపర్ టవల్ మీద. వచ్చిన రోజు నుంచి ముట్టుకుంటే చాలు, కంపు వదిలేది. నిన్న మొదటిసారి ఫోర్సెప్స్ నుంచి సాల్మన్ ముక్క లాక్కుని తిన్నది, వెంటనే నా చొక్కా మీద కంపు కొట్టింది. రెండుసార్లు ఉతికినా వదల్లేదు.