సాయంత్రం కూలి డబ్బులు

నాలుగొందలు చేతిలో పెడితే కోతకొచ్చిన ఆవిడ వెంటనే తీసుకోలేదు. "బస్తాలు ఎత్తినోళ్లకి ఏడొందలా బాబూ?" అంది. అమ్మ తల పక్కకు తిప్పుకుంది.

పొద్దున ఏడింటి నుంచి వంగి మిరపకాయలు కోసిన మనిషి. మంట పుడుతున్న చేతులు కొంగుకు తుడుచుకుంటూనే ఉంది. మగవాళ్లు వచ్చిందే తొమ్మిదింటికి.

"ఊళ్లో రేటు అదేరా, మనం పెంచితే మిగతా రైతులు ఊరుకోరు" అంది అమ్మ. అదీ నిజమే. మగవాళ్లయితే గుంటూరు యార్డులో హమాలీ పనికైనా పోతారు. ఈవిడ పొద్దుగూకేసరికి పొయ్యి దగ్గరుండాలి.

సమాన వేతన చట్టం 1976లోనే వచ్చింది. కోత వేరు, మోత వేరు అని మనం తప్పించుకుంటాం, అంతే.

ఇంకో యాభై ఇచ్చాను. సిగ్గేసింది. ఆవిడ మాత్రం లెక్కపెట్టుకుని, "రేపు ఇంకో ఇద్దర్ని తీసుకురానా?" అంది.